వాన లెక్కకు ఏ ఉపగ్రహం డేటా తీసుకోవాలి: ఐమెర్గ్, జీఎస్‌మ్యాప్, చిర్ప్స్, ఇన్సాట్‌లలో ఎవరికి ఏది

పోయినేడు మృగశిర కార్తెలో మా చిన్నాయన ఫోన్ చేశాడు. ఆయనది అనంతపురం జిల్లా, ఏడెకరాల మెట్ట, వేరుశనగ వేస్తాడు. "ఏమిరా, నువ్వు పంపిన మ్యాపులో మా ఊరంతా నీలంగా ఉండాదే. ఈడ దుమ్ము గూడా తడవలేదు. ఇత్తనం ఏసుకోమంటావా, వద్దా?" అన్నాడు. నేను పంపింది నాసా వాళ్ళ ఐమెర్గ్ మ్యాపు. మ్యాపును చదరాలుగా, అంటే గడులుగా విడగొడతారు; ఆ ఊరున్న గడిలో ముందు రోజుకు 9 మిల్లీమీటర్లు చూపిస్తోంది. "మ్యాపు చూసి విత్తొద్దు చిన్నాయనా, దుక్కిలో మట్టి పిడికిట పట్టి పదును చూసుకుని విత్తు" అన్నాను. అన్నానే గానీ ఫోన్ పెట్టేశాక కూడా టెన్షన్ తగ్గలేదు. ఒక తడికి ఆశపడి విత్తితే ఎకరాకు ఎంత విత్తనం, ఎంత ఖర్చు మట్టిపాలవుతుందో నాకు తెలుసు. ఆ మ్యాపు పంపింది నేనే కదా.

నా పని నీటి వనరుల లెక్కలు. ఎం.టెక్ పిల్లలు, రైతు సంఘాల వాళ్ళు, చెరువుల పనులు చేసే ఇంజినీర్లు వారానికి ఒకరైనా "ఏ శాటిలైట్ వాన డేటా వాడాలి సార్?" అని అడుగుతారు. "ఏది బెస్ట్?" అన్న ప్రశ్నకు జవాబు లేదు. దానికి బదులు మూడు సంగతులు తేల్చుకోమంటాను. లెక్క ఎంత త్వరగా కావాలి? ఎంత చిన్న చోటుకు కావాలి? ఎన్నేళ్ళ వెనక నుంచి కావాలి? ఈ మూడూ ఒకే డేటాలో దొరకవు. మూడింట్లో దేన్ని వదులుకోగలరో తెలిస్తే ఎంపిక సగం అయిపోయినట్టే.

ఉపగ్రహం వానను ఎలా చూస్తుంది

ఇది తెలియకుండా ఎంచుకుంటే ఏ డేటా ఎక్కడ తప్పుతుందో అర్థం కాదు. అందుకే కాస్త ఓపిక పట్టండి.

ఉపగ్రహం వానను కొలవదు, అంచనా వేస్తుంది. అంచనా వేసే దారులు మూడు. మొదటిది ఇన్‌ఫ్రారెడ్. 36 వేల కిలోమీటర్ల ఎత్తున భూమితో పాటే తిరుగుతూ ఒకే చోట నిలిచినట్టుండే ఉపగ్రహాలు మబ్బు పైభాగం ఎంత చల్లగా ఉందో చూస్తాయి. పైభాగం ఎంత చల్లగా ఉంటే మబ్బు అంత ఎత్తుకు ఎదిగినట్టు, అంత వాన ఉన్నట్టు లెక్క. తొలి రోజుల్లో వాడిన ఒక పద్ధతిలో మైనస్ 38 డిగ్రీల కన్నా చల్లగా కనిపించిన ప్రతి చిత్రపు చుక్కకూ (పిక్సెల్‌కూ) గంటకు 3 మిల్లీమీటర్ల వాన రాసేసేవారు. అంత మోటు లెక్క కూడా నెలల మొత్తానికి, పెద్ద ప్రాంతాలకు పనికొచ్చింది. ఇంటి పైన పొగ చూసి లోపల ఎంతమందికి వంట అవుతోందో ఊహించడం లాంటిది ఇది. పొగ ఉన్నా వంట అయిపోయి ఉండవచ్చు. తుపాను వచ్చినప్పుడు చుట్టూ వందల కిలోమీటర్ల మేర పరుచుకునే పల్చటి పైమబ్బు బాగా చల్లగానే ఉంటుంది, దాని కింద మాత్రం చినుకు ఉండదు. ఇన్‌ఫ్రారెడ్ మోసపోయేది అక్కడే.

రెండోది మైక్రోవేవ్. ఇది మూత తీసి గిన్నెలోకి చూడడం. భూమికి దగ్గరగా, కొన్ని వందల కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాలు మబ్బు లోపలి నీటి చుక్కల నుంచి, మంచు పలుకుల నుంచి వచ్చే సంకేతాన్ని పట్టుకుంటాయి. సముద్రం మీద ఇది చక్కగా పనిచేస్తుంది, ఎందుకంటే వెనక సముద్రం చల్లగా, ఒకే తీరుగా కనిపిస్తుంది. నేల మీద కథ వేరు. నేలే వేడిగా మెరుస్తుంటే దాని ముందు వాన చుక్కలు కనిపించవు. కాబట్టి మబ్బు పైభాగంలోని మంచు పలుకులు ఆ మెరుపును ఎంత చెదరగొట్టాయో చూసి వానను లెక్కగడతారు. మంచు పలుకులు లేని పొట్టి మబ్బు నుంచి పడే వాన చాలావరకు లెక్కలోకి రాదు.

మూడోది రాడార్. గరిటె పెట్టి అడుగుదాకా కలిపి చూసినట్టు, వానను పొరలు పొరలుగా చూపిస్తుంది. అంతరిక్షంలో తొలి వాన రాడార్ 1997 నవంబరులో జపాన్‌లోని తనెగాషిమా నుంచి ఎగిరిన ట్రమ్ ఉపగ్రహంలో వెళ్ళింది. అది అమెరికా, జపాన్ కలిసి చేసిన పని, 2015 దాకా నడిచింది. దాని వారసుడు, జీపీఎం (ప్రపంచమంతటి వానను కొలిచే పథకం) ముఖ్య ఉపగ్రహం 2014 ఫిబ్రవరి చివర్లో అక్కడి నుంచే వెళ్ళింది. దాని రాడార్‌కు రెండు పౌనఃపున్యాలు, 13.6, 35.5 గిగాహెర్ట్జ్‌లు. ఒకటి పెద్ద వానకు, ఇంకొకటి చిన్న చినుకుకూ మంచుకూ. ట్రమ్ ఉష్ణమండలానికే పరిమితం, జీపీఎం రెండు వైపులా 65 డిగ్రీల అక్షాంశం దాకా తిరుగుతుంది. చిక్కల్లా రాడార్ చూసే పట్టీ వెడల్పు సుమారు 245 కిలోమీటర్లే. మీ ఊరి మీదికి అది రోజుకోసారి కూడా రాదు. అందుకని ఆ రాడార్‌ను తూకం రాయిలా వాడతారు. మిగతా దేశాల మైక్రోవేవ్ ఉపగ్రహాల లెక్కలన్నీ దానితో సరిచూసి ఒక తూకానికి తెస్తారు.

ఈ గుంపులో మన ఉపగ్రహం కూడా ఒకటి ఉండేది. 2011 అక్టోబరు 12న శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్‌వీ మోసుకెళ్ళిన మేఘా-ట్రోపిక్స్, ఇస్రో ఫ్రాన్స్ అంతరిక్ష సంస్థతో కలిసి చేసింది. భూమధ్యరేఖకు 20 డిగ్రీల వాలులో తిరుగుతూ మన లాంటి ఉష్ణ ప్రాంతాల మీదికి రోజుకు చాలాసార్లు వచ్చేది. అందులో వానను చూసే ముఖ్య పరికరం 2013లోనే ఆగిపోయినా తేమను చూసే సఫీర్ చాలా ఏళ్ళు పనిచేసింది, దాని డేటా ప్రపంచమంతా వాడుకుంది. 2023 మార్చి 7న ఇస్రో దాన్ని అదుపు తప్పకుండా కిందికి దించి పసిఫిక్ మీద వాతావరణంలో కాలిపోయేలా చేసింది. ఆ ఉపగ్రహం చేసిన సేవ గురించి మనవాళ్ళు ఎక్కువగా మాట్లాడుకోరు. అది నాకు ఎప్పుడూ బాధే.

ఐమెర్గ్: ఎక్కువమందికి ఇక్కడి నుంచే మొదలు

నన్ను అడిగే పదిమందిలో ఏడుగురికి ఐమెర్గ్‌తో మొదలుపెట్టమనే చెబుతాను. నాసా తయారుచేసేది. జీపీఎం గుంపులోని మైక్రోవేవ్ ఉపగ్రహాలన్నిటి లెక్కలూ తీసుకుని, వాటి మధ్య ఖాళీల్లో మబ్బులు ఎటు కదిలాయో చూసి వానను కూడా అటు జరిపి, అప్పటికీ మిగిలిన ఖాళీలను ఇన్‌ఫ్రారెడ్‌తో పూడుస్తుంది. గడి 0.1 డిగ్రీ, అంటే మన అక్షాంశంలో సుమారు 11 కిలోమీటర్లు. ప్రతి అరగంటకూ ఒక లెక్క. తాజా ఏడో వెర్షన్‌లో 1998 నుంచి దొరుకుతుంది. ఉచితం, ఒక్క ఖాతా తెరుచుకుంటే చాలు.

ఇందులో మూడు రకాలున్నాయి. చాలామంది పొరబడేది వీటి మధ్యే. ఎర్లీ నాలుగు గంటల్లో వస్తుంది. లేట్ పద్నాలుగు గంటలకు అటూ ఇటూగా వస్తుంది. ఫైనల్ మూడున్నర నెలల తర్వాత. ఎర్లీకి మబ్బు ఎక్కడి నుంచి బయల్దేరిందో తెలుసు గానీ ఆ తర్వాత ఎక్కడ తేలిందో తెలియదు. లేట్‌కు రెండూ తెలుసు, కాబట్టి మధ్యలో జరిగింది మెరుగ్గా పూడ్చగలదు. ఫైనల్‌లో నేల మీది వర్షమాపకాల నెలవారీ లెక్కతో సరిచేస్తారు. గుర్తుంచుకోండి, సరిచేసేది నెల మొత్తాన్ని. జూలై మొత్తం 180 రావాల్సింది 150 వచ్చిందనుకోండి, ఆ నెలలో ప్రతి అరగంట విలువనూ ఆ నిష్పత్తిలో పెంచుతుంది. వాన అసలు పడని రోజున పడినట్టు చూపించి ఉంటే ఆ తప్పు అలాగే ఉండిపోతుంది, ఇంకాస్త పెద్దదై. "ఫైనల్ అంటే ఫైనలే కదా సార్" అనే పిల్లలకు నేను ఈ ఒక్క ఉదాహరణే చెబుతాను.

వరద వస్తుందేమోనన్న కంగారులో ఉన్నవాళ్ళకు ఎర్లీ. నిన్న మొన్నటి వాన చూసి పంట సలహా ఇచ్చేవాళ్ళకు లేట్. పరిశోధనకు, ప్రాజెక్టు రిపోర్టుకు ఫైనల్. వీటిని ఒకే పట్టికలో కలిపి కూడకండి. పోయిన సంవత్సరానిది ఫైనల్, ఈ నెలది లేట్ పెట్టి "వాన తగ్గింది" అని గ్రాఫు గీసినవాళ్ళను చూశాను. తగ్గింది వాన కాదు, మారింది లెక్క.

గడి ఎంత పెద్దదో ఒకసారి చూడండి

2023 జూలై 27 ఉదయం 8:30తో ముగిసిన 24 గంటల్లో ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన నమోదైంది. తెలంగాణలో ఒక్క రోజులో అంత వాన ఎన్నడూ నమోదు కాలేదు. అంతకు ముందు రికార్డు కూడా ఆ జిల్లాదే, 2013 జూలైలో వాజేడులో 517.5. ఇప్పుడు అదే చోటును ఐమెర్గ్ గడిగా ఊహించుకోండి. గడి వైశాల్యం దాదాపు 118 చదరపు కిలోమీటర్లు. మన దగ్గర మామూలుగా వాడే వర్షమాపకం మూతి 200 చదరపు సెంటీమీటర్లు, అంటే అడ్డంగా 16 సెంటీమీటర్లు, ఒక పళ్ళెమంత కూడా లేదు. గడి దానికి సుమారు 590 కోట్ల రెట్లు పెద్దది. పళ్ళెంలో పడింది ఒక చోటి నిజం, గడిలో రాసింది అంత నేల మీది సగటు. ఆ సగటులో 650 కనిపించాలని కోరుకోవడం తప్పు. అది కనిపించలేదని ఉపగ్రహం అబద్ధమాడిందనడమూ తప్పే.

కుండపోతకు, ఒకే ఊరికి, ఒకే రోజుకు ఉపగ్రహం లెక్కను చివరి మాటగా తీసుకోకండి. మన రెండు రాష్ట్రాల్లో మండల స్థాయిలో ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలున్నాయి, తెలంగాణలోనే వెయ్యికి పైగా. ఆ లెక్కలు దొరికేచోట ముందు అవి చూడండి. అదృష్టవశాత్తూ మనకు ఆ సదుపాయం ఉంది. ప్రపంచంలో చాలా చోట్ల లేదు. భూమి మీద లెక్కకు దొరికే వర్షమాపకాల మూతులన్నీ పక్కపక్కన పేర్చినా సగం ఫుట్‌బాల్ మైదానం నిండదని పరిశోధకులు లెక్కగట్టారు. సముద్రాల మీద, ఎడారుల్లో, ఆఫ్రికా అడవుల్లో వానకు ఉపగ్రహమే దిక్కు.

జీఎస్‌మ్యాప్, ఇన్సాట్: ఈ రాత్రి వాన కోసం

జీఎస్‌మ్యాప్ జపాన్ అంతరిక్ష సంస్థ జాక్సాది. గడి ఐమెర్గ్ అంతే, లెక్క గంటకోసారి. వాళ్ళ రియల్‌టైమ్ రెయిన్‌ఫాల్ వాచ్ పేజీ బ్రౌజర్‌లో తెరిస్తే ప్రపంచమంతటి వాన రంగుల్లో కదులుతుంది. ఫైలు దించుకోవాల్సిన పనే లేదు. కోడింగ్ రాని వాళ్ళకు మొదట ఇదే చూపిస్తాను. పైగా కొండలు ఎక్కే గాలి వల్ల పడే వానకు వీళ్ళ లెక్కలో ప్రత్యేకంగా ఒక సవరణ ఉంది. ఐమెర్గ్ చెప్పింది నమ్మబుద్ధి కానప్పుడు రెండో అభిప్రాయంగా జీఎస్‌మ్యాప్ చూడండి. రెండూ ఒకటే మాట చెబితే కొంత ధీమా, వేరుగా చెబితే ఆ రోజును ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టుకోండి. రెండూ చాలావరకు అవే ఉపగ్రహాల మీద ఆధారపడతాయి కాబట్టి ఇద్దరూ కలిసి తప్పడం కూడా జరుగుతుంది.

ఇన్సాట్ మనది. ఇన్సాట్-3డీఆర్ 2016 సెప్టెంబరులో, ఇన్సాట్-3డీఎస్ 2024 ఫిబ్రవరి 17న శ్రీహరికోట నుంచి వెళ్ళాయి. అరగంటకోసారి మబ్బుల చిత్రం, 4 కిలోమీటర్ల ఇన్‌ఫ్రారెడ్ చుక్క, దాన్ని బట్టి వాన అంచనా. అహ్మదాబాద్‌లోని అంతరిక్ష అనువర్తనాల కేంద్రం నడిపే మోస్‌డాక్ వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. వేగంలో దీనికి సాటి లేదు. 4 కిలోమీటర్ల చుక్క చూసి "ఐమెర్గ్ కన్నా సూక్ష్మంగా ఉంది కదా, ఇదే నయం" అనుకోకండి. చుక్క చిన్నదైతే మబ్బు పైభాగం స్పష్టంగా కనిపిస్తుంది, వాన కాదు. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచాంగ్ లాంటి తుపాన్లప్పుడు తుపాను ఎటు వస్తోంది, మబ్బు ఎంత మేర ఉంది అనేది ఇన్సాట్‌లో చూడండి. ఎన్ని మిల్లీమీటర్లు అనేదానికి మైక్రోవేవ్ కలిసిన డేటా కోసం నాలుగు గంటలు ఆగండి. ఆగే వ్యవధి లేకపోతే నేల మీది డాప్లర్ రాడార్ చిత్రం చూడండి. హైదరాబాద్, విశాఖ, మచిలీపట్నం, శ్రీహరికోటల్లో రాడార్లు ఉన్నాయి.

నలభై ఏళ్ళ చరిత్ర కావాలంటే

కరువు మీద పనిచేసేవాళ్ళకు అరగంట లెక్క అక్కర్లేదు. "మా మండలంలో గత ముప్ఫై నలభై ఏళ్ళలో ఎన్ని ఖరీఫ్‌లు తప్పాయి?" అన్నదే వాళ్ళ ప్రశ్న. దీనికి చిర్ప్స్. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాంటా బార్బరా పరిశోధకులు అమెరికా భూగర్భ సర్వే సంస్థతో కలిసి చేసింది. 1981 నుంచి ఉంది, గడి 0.05 డిగ్రీ, అంటే అయిదున్నర కిలోమీటర్లు. ఇన్‌ఫ్రారెడ్ చల్లని మబ్బులు ఎంతసేపు నిలిచాయన్న లెక్కకు నేల మీది వర్షమాపకాల లెక్క కలుపుతారు. తుది లెక్క మరుసటి నెల మూడో వారానికి వచ్చేస్తుంది. కరువును ముందుగా పసిగట్టడం కోసమే పుట్టిన డేటా ఇది, ఆ పనికి నేను నిశ్చింతగా సిఫారసు చేస్తాను. సముద్రం మీద ఉండదు.

దీనికున్న లోపం చెప్పాలి. చిర్ప్స్‌లో అసలు లెక్క అయిదు రోజులకు. రోజువారీ విలువలు ఆ అయిదు రోజుల మొత్తాన్ని పంచి పెట్టినవి. అందుకని నెల, సీజను మొత్తాలకు వాడండి. "ఒక్క రోజులో 100 మిల్లీమీటర్లు దాటిన రోజులెన్ని?" లాంటి ప్రశ్న దీన్ని అడగకండి.

భారతదేశం లోపలి పనికైతే ఇంకొకటి ఉంది. నిజానికి ముందు దాన్నే చూడమనాలి. పుణె నుంచి వాతావరణ శాఖ ఇచ్చే గ్రిడ్ డేటా. ఉపగ్రహంతో సంబంధం లేదు, పూర్తిగా వర్షమాపకాలదే. 1901 నుంచి రోజువారీ లెక్క, గడి 0.25 డిగ్రీ. గడి పెద్దదే, కానీ నూట ఇరవై ఏళ్ళు దాటిన చరిత్ర. ఉపగ్రహం డేటా ఏది వాడినా మన దగ్గర దానితో సరిచూసుకోకుండా థీసిస్ సమర్పించకండి. ఉపగ్రహాన్నీ వర్షమాపకాలనూ కలిపి వాతావరణ శాఖ వాళ్ళు ఇచ్చే రోజువారీ డేటా కూడా ఉంది. గత పదేళ్ళకు, సముద్రంతో సహా కావాలంటే అది మంచి రాజీ.

మన వానల పేర్లు చెప్పి ఎంచుకోండి

పాఠంలో చెప్పే పట్టికల కన్నా మన భాషలో వానకున్న పేర్లు నాకు ఎక్కువ ఉపయోగపడ్డాయి.

ముసురు. రెండు మూడు రోజులు సన్నగా పడుతూనే ఉంటుంది, బట్టలు ఆరవు. గంటకు అర మిల్లీమీటరో ఒకటో. ఉపగ్రహాలు ఎక్కువగా తప్పేది దీని దగ్గరే. నేల మీద అంత సన్న వాన మైక్రోవేవ్‌కు ఆనదు, మబ్బు పొట్టిది కాబట్టి ఇన్‌ఫ్రారెడ్‌కూ ఆనదు. గాలివాన, ఉరుముల వాన అయితే మబ్బు నిండా మంచు పలుకులు, అన్ని ఉపగ్రహాలకూ బాగా కనిపిస్తుంది. ఎంత పడిందన్నదాంట్లో తేడా ఉన్నా, పడిందా లేదా అన్నదాంట్లో తక్కువగా తప్పుతాయి. జల్లు పడి పోయేది, ఎద్దు ఒక కొమ్ము తడిసి ఇంకో కొమ్ము పొడిగా ఉండే వాన అని మా ఇంట్లో పెద్దవాళ్ళు అనేది, గడి సగటులో కలిసిపోతుంది.

ఇక కొండ వాన. కృష్ణానది పుట్టే మహాబలేశ్వరం వైపు పడమటి కనుమల మీద, అరేబియా నుంచి వచ్చిన తేమ గాలి కొండెక్కుతూ కురిసేస్తుంది. చాలాసార్లు మబ్బు ఎత్తుకు ఎదగదు, అయినా కుమ్మరిస్తుంది. ఉపగ్రహాలు అక్కడి వానను తక్కువ చేసి చూపించడం ఎప్పటి నుంచో తెలిసిన సంగతే. శ్రీశైలానికి ఎంత నీరొస్తుందో ఐమెర్గ్ ఎర్లీతో లెక్కవేయాలనుకునే మిత్రులు ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. మూలంలోనే లెక్క తక్కువైతే కిందికి వచ్చేకొద్దీ మొత్తం తేడా కొడుతుంది.

చిన్నాయన ఊరిది దీనికి తలకిందులు. అనంతపురం కనుమల వాననీడలో ఉంది, ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లే. పైన మబ్బు ఉంటుంది, మబ్బులో వానా ఉంటుంది. కింద గాలి ఎండిపోయి ఉంటుంది, చుక్క నేల తాకేలోపే ఆవిరైపోతుంది. ఉపగ్రహం చూసింది మబ్బులోని వానను. ఆ 9 మిల్లీమీటర్లు దాదాపుగా అక్కడే ఆగి ఉంటాయి. పొడి ప్రాంతాల్లో పని చేసేవాళ్ళు, రాయలసీమ అయినా రాజస్థాన్ అయినా, చిన్న విలువలను నమ్మకండి. రోజు విలువలకు బదులు పది రోజుల మొత్తం చూడండి, మొత్తంలో తప్పులు కొంతవరకు ఒకదానికొకటి సర్దుకుంటాయి.

మంచుకైతే వేరే దారి

వాడుకలో మనకు మంచు అన్న ఒక్క మాటే ఉంది. తెల్లారి పొలం మీద కమ్మేదీ మంచే, ఆకు మీద చుక్కా మంచే, హిమాలయాల్లో పడేదీ మంచే. ఉపగ్రహం పనిలో మాత్రం రెండింటిని విడదీయాలి. ఆకాశం నుంచి పడుతున్న హిమపాతం వేరు, నేల మీద ఇప్పటికే పరుచుకున్న హిమం వేరు. చిక్కు కూడా ఇక్కడే ఉంది. మైక్రోవేవ్ చూసేది మంచు పలుకులు చెదరగొట్టిన సంకేతాన్ని. నేల మీది హిమం కూడా అలాగే చెదరగొడుతుంది. పడేదేదో పరుచుకున్నదేదో కలిసిపోతుంది. అందుకే ఐమెర్గ్ హిమం కప్పిన నేల మీద మైక్రోవేవ్ లెక్కలను చాలా వరకు పక్కన పెట్టేస్తుంది. మిగిలేది ఇన్‌ఫ్రారెడ్, అది చలికాలపు పొట్టి మబ్బుల దగ్గర బలహీనం. అలాగని వర్షమాపకమూ దిక్కు కాదు. గాలి బలంగా వీస్తే హిమపు రేకులు మాపకం మూతి మీదుగా ఎగిరిపోయి సగానికి పైగా లోపల పడనే పడవు.

కాబట్టి చలిదేశాల్లో, హిమాలయాల్లో శీతాకాలపు మొత్తానికి నేను ఉపగ్రహాన్ని పక్కన పెట్టి యూరప్ వాతావరణ కేంద్రం వాళ్ళ ఈఆర్ఏ5 వాడమంటాను. అది కొలత కాదు, ఉన్న కొలతలన్నీ మింగిన వాతావరణ నమూనా. 1940 నుంచి గంటగంటకూ ఉంటుంది, అయిదు రోజుల ఆలస్యంతో తాజాగా వస్తుంది. పెద్ద శీతల వ్యవస్థల నుంచి పడే మంచును నమూనాలు బాగానే పట్టుకుంటాయి. మన ఉరుముల వానలకు మాత్రం దాన్ని వాడొద్దు, అక్కడ ఉపగ్రహమే మేలు. నేల మీద హిమం ఎంత మేర ఉందో చూడాలంటే నాసా ఉపగ్రహాల మీదున్న మోడిస్ పరికరం చిత్రాలు, 500 మీటర్ల చుక్క. మబ్బు పడితే అడ్డం. ఎంత లోతుందో మోడిస్ చెప్పదు.

అమెరికాలో ఉన్న మనవాళ్ళకు ఒక మాట. మినియాపొలిస్‌లో పది అంగుళాల స్నో పడిందని ఫోన్‌లో చూసి, ఐమెర్గ్ తెరిస్తే 25 మిల్లీమీటర్లే ఉందని కంగారు పడకండి. వీటిలో రాసేది కరిగితే వచ్చే నీటి లెక్క. పది అంగుళాల స్నో కరిగితే ఇంచుమించు ఒక అంగుళం నీరు, రేకు మెత్తదనాన్ని బట్టి అటూ ఇటూ అవుతుంది.

ఫైలు తెరిచాక జరిగే రెండు తప్పులు

డేటా సరిగ్గా ఎంచుకుని కూడా పని పాడుచేసుకునేది ఇక్కడ. మొదటిది, ఐమెర్గ్ అరగంట ఫైల్లో ఉండేది గంటకు ఎన్ని మిల్లీమీటర్లన్న వేగం. రోజు మొత్తం కావాలంటే 48 విలువలు కూడి రెండుతో భాగించాలి. ఒక విద్యార్థి భాగించడం మర్చిపోయాడు. వాన రెట్టింపయింది, ఆ లెక్కతో గీసిన చెరువు కళింగ (మిగులు నీరు పొర్లే అలుగు) వెడల్పు కూడా పెరిగింది. అది కాగితం మీదే ఉండగా దొరికింది కాబట్టి సరిపోయింది.

రెండోది రోజు. మన వాతావరణ శాఖకు రోజంటే ఉదయం 8:30 నుంచి మర్నాడు 8:30 దాకా, రాసేది రెండో రోజు తేదీకి. ఐమెర్గ్ రోజువారీ ఫైల్లో రోజంటే గ్రీనిచ్ సమయం, మనకు ఉదయం 5:30 నుంచి 5:30 దాకా, తేదీ మొదటి రోజుది. 26 సాయంత్రం పడిన వాన ఐమెర్గ్‌లో 26న ఉంటుంది, వాతావరణ శాఖ లెక్కలో 27న ఉంటుంది. మన దగ్గర వానలు ఎక్కువగా సాయంత్రాలే కదా, ఇలా సరిచూస్తే ఏ ఉపగ్రహమైనా పనికిమాలినదిగానే తేలుతుంది. రోజువారీ ఫైలు వదిలేసి అరగంట ఫైళ్ళు తీసుకోండి. గ్రీనిచ్ 3 గంటలంటే సరిగ్గా మన 8:30. అక్కడి నుంచి 48 ముక్కలు కూడుకుంటే రెండు లెక్కలూ ఒకే రోజుకు వస్తాయి. ఏడో వెర్షన్‌లో ఫైల్లో వాన విలువలున్న వేరియబుల్ పేరు కూడా మారింది, పాత కోడ్ అక్కడ ఆగిపోతుంది. ఆరో వెర్షన్ ఫైళ్ళు మిగిలి ఉంటే వాటితో కలపకుండా మొత్తం మళ్ళీ దించుకోండి.

ఇన్ని ఫైళ్ళు దించుకునే ఇంటర్నెట్ లేకపోతే గూగుల్ ఎర్త్ ఇంజిన్‌లో ఐమెర్గ్, జీఎస్‌మ్యాప్, చిర్ప్స్, ఈఆర్ఏ5 అన్నీ ఉన్నాయి. కోడ్ అసలు రాకపోతే నాసా జియోవానీ పేజీలో మీ జిల్లా చుట్టూ పెట్టె గీసి గ్రాఫు తీసుకోవచ్చు.

అన్నిటికన్నా ముందు, ఎన్ని వందలైనా సరే, ఒక ప్లాస్టిక్ వర్షమాపకం కొనండి. చెట్టుకూ గోడకూ దూరంగా పెట్టండి. ఒక సీజను మీ చేత్తో రాసిన లెక్క పక్కన పెట్టి చూస్తే మీ ఊరి వరకు ఏ డేటా ఎప్పుడు తప్పుతుందో ఏ పరిశోధన పత్రమూ చెప్పనంత స్పష్టంగా తెలుస్తుంది.

ఆ ఫోన్ తర్వాత చిన్నాయనకు నేనొకటి పంపాను. పొద్దున్నే గేదె పాలు పితికి వచ్చి చూసి, పాత డైరీలో రాశాడు. సీజను అయ్యాక ఆ పేజీలు ఫోటోలు తీసి పంపాడు. ఐమెర్గ్ లేట్‌తో పక్కపక్కన పెడితే పదకొండు రోజులు కలవలేదు. 8:30కి జరిపి మళ్ళీ కూడితే వాటిలో ఎనిమిది సరిపోయాయి. మిగిలిన మూడింట్లో రెండు ముసురు రోజులు, ఆయన 3 అనీ 4 అనీ రాస్తే ఉపగ్రహం సున్నా చూపించింది. మూడోది ఆరుద్ర కార్తెలో. ఉపగ్రహం 7 చూపించిన ఆ రోజు డైరీలో ఇలా ఉంది: "0. మబ్బు బాగా పట్టింది. గాలి తోలేసింది."